సిటీ బస్సు దాటిన సరిహద్దు

కాకినాడ,
ఆదివారం

చి. సౌమ్యకు అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో "పోనీలే అమ్మా, షాపు వేరే దేశంలో ఉంది, ఏం చేస్తాం" అనేసి మాట మార్చావు. రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. 1,480 యూరోలు పోయాయని కాదు. ముప్పై రెండేళ్ళు కోర్టులో గుమాస్తాగా చేసినదాని కూతురివి అయ్యుండి, దావా కూడా వేయకుండానే ఓడిపోయావని నీకు నువ్వే తీర్పు రాసేసుకున్నావు. ఫోన్లో చెబితే సగంలో మీటింగ్ ఉందంటావు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

నాకు అర్థమైన సంగతి ఇది, తప్పుంటే దిద్దు. స్నేహితురాలు చెప్తే జర్మనీలో నువ్వుండే ఆఖెన్‌లో సిటీ బస్సెక్కి, సరిహద్దు అవతల నెదర్లాండ్స్‌లో డచ్చివాళ్ళ ఊళ్ళో దిగి, కొత్త ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నావు. ఏడో నెలలో బ్యాటరీ చచ్చింది. బాగుచేసివ్వమంటే షాపువాడు "బ్యాటరీ అరిగే వస్తువు, గ్యారంటీ వర్తించదు" అన్నాడు. గడువు పెట్టి రాసిన రెండు మెయిళ్ళకూ జవాబు లేదు. పైగా బిల్లు వెనక చిన్న అక్షరాల్లో "తగాదాలన్నీ నెదర్లాండ్స్ కోర్టుల్లోనే" అని ఉంది. నువ్వు భయపడింది ఆ చిన్న అక్షరాలకే అనుకుంటా.

రిటైరయ్యాక నాకు పనేముంది. మీ నాన్న సీరియల్ చూసుకుంటుంటే నేను ఐరోపా వాళ్ళ రెగ్యులేషన్లు ఫోన్లో పెద్ద అక్షరాలు చేసుకుని చదివాను. చదువుతుంటే మన సివిల్ ప్రొసీజర్ కోడే గుర్తొచ్చింది. మన దగ్గర ప్రతివాది ఎక్కడ కాపురం ఉంటే అక్కడ దావా వేయాలి, లేదా దావాకు కారణం పుట్టిన చోట వేయొచ్చు. భూమి తగాదా అయితే భూమి ఉన్న చోటే. వాళ్ళదీ అదే లెక్క. 1968లో బ్రసెల్స్‌లో ఆరు దేశాలు కలిసి రాసుకున్న ఒప్పందం అది. ఇప్పుడు నడుస్తున్న రూపం 1215/2012 నంబరు రెగ్యులేషన్, 2015 జనవరి 10 నుంచి అమల్లో ఉంది. మనకు జిల్లా దాటితే వచ్చే ప్రశ్న వాళ్ళకు దేశం దాటితే వస్తుంది, అంతే తేడా.

మన కోడ్‌లో సెక్షన్ 19 కింద ఒక ఉదాహరణ ఉంది. ఢిల్లీలో ఉండేవాడు కలకత్తాలో ఒకణ్ణి కొట్టాడు. దెబ్బ తిన్నవాడు ఢిల్లీలోనైనా దావా వేసుకోవచ్చు, కలకత్తాలోనైనా వేసుకోవచ్చు. కొత్తగా చేరిన గుమాస్తాలకు నేను ఇది చెప్పి నవ్వించేదాన్ని. లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానానికి 1976లో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. అక్కడ దెబ్బ తిన్నది మొక్కలు. రోటర్‌డామ్ దగ్గర ఒక నర్సరీ ఉండేది, మన కడియం నర్సరీల్లాంటిదే అనుకో. రైన్ నది నీళ్ళతో మొక్కలు పెంచేవాళ్ళు. ఎక్కడో ఎగువన, ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో, పొటాష్ గనులవాళ్ళు ఉప్పు వ్యర్థాలు నదిలోకి వదిలేవారు. ఆ ఉప్పునీళ్ళకు మొక్కలు దెబ్బతిన్నాయి. తప్పు జరిగిన చోటు ఫ్రాన్స్, నష్టం కనబడిన చోటు నెదర్లాండ్స్. రెండిట్లో ఏది "హాని జరిగిన చోటు"? రెండూనూ, ఎక్కడ వేయాలన్నది వాది ఇష్టం అంది కోర్టు. నాసిక్ దగ్గర గోదావరిలో ఎవరో ఏదో కలిపితే కడియం నర్సరీవాడు రాజమండ్రి కోర్టులోనే నిలబడొచ్చన్నట్టు. దాదాపు యాభై ఏళ్ళుగా అదే లెక్క నడుస్తోంది. 2020లో ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల మోసం మీద ఆస్ట్రియా కొనుగోలుదార్ల తరఫున వచ్చిన కేసులోనూ, కారు కొన్న ఆస్ట్రియాలోనే దావా నడుస్తుందన్నారు.

అది నష్టాల సంగతి. నీది కొనుగోలు, ఇందులో నీకు ఇంకా మంచి దారి ఉంది. వ్యాపారి తన వ్యాపారాన్ని నువ్వుండే దేశం వైపు కూడా తిప్పుకుని ఉంటే, కొనుక్కున్న మామూలు మనిషి తను కాపురమున్న చోటే దావా వేసుకోవచ్చు. నీ ఇండియన్ పాస్‌పోర్టు అడ్డమేమో అని అనుమానపడకు. ఆ చట్టం చూసేది పౌరసత్వం కాదు, కాపురం ఎక్కడన్నది. నీ అద్దె కాగితం, ఊళ్ళో చేయించుకున్న అడ్రసు రిజిస్ట్రేషన్ దగ్గర పెట్టుకో.

బిల్లు వెనక చిన్న అక్షరాలకూ జవాబుంది. తగాదా పుట్టక ముందే కొనుగోలుదారు చేత రాయించుకున్న అలాంటి షరతు, నీ ఊరి కోర్టుకు వెళ్ళే హక్కును తీసేయలేదు. వాడి దేశపు చట్టమే వర్తిస్తుందని రాసుకున్నా సరే, నువ్వుండే దేశపు చట్టం నీకిచ్చే తప్పనిసరి రక్షణ ఎక్కడికీ పోదు.

"నేను వెబ్‌సైట్ చూసి కొనలేదు కదా, స్వయంగా వెళ్ళి కొన్నాను" అంటావని తెలుసు. సరిగ్గా ఆ మాట మీదే 2013లో తీర్పొచ్చింది. జర్మనీలో సార్‌బ్రుకెన్‌లో ఉండే ఒకాయన, సరిహద్దు అవతల స్పిషెరెన్ అనే ఫ్రెంచి ఊళ్ళో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. ఆ షాపుకు వెబ్‌సైట్ ఉంది, అందులో జర్మన్ సెల్ నంబరు కూడా ఉంది. కానీ ఈయనకు షాపు సంగతి తెలిసింది తెలిసినవాళ్ళ ద్వారా, వెబ్‌సైట్ వల్ల కాదు. అయినా ఫర్వాలేదు, షాపు జర్మనీ గిరాకీ కోసం చూస్తోందా లేదా అన్నదే ముఖ్యం అంది లక్సెంబర్గ్ కోర్టు. కాబట్టి నువ్వు ఇవాళే ఆ షాపు వెబ్‌సైట్ తెరిచి స్క్రీన్‌షాట్లు తీసుకో. జర్మన్ భాషలో పేజీ ఉందా, ఫోన్ నంబరుకు ముందు దేశం కోడ్ వేశాడా, జర్మనీ నుంచి ఎలా రావాలో దారి చూపించాడా, జర్మనీకి డెలివరీ ఉందా. తర్వాత వాడు మార్చేస్తే నీ దగ్గర సాక్ష్యం ఉండదు.

సైకిల్ సంగతికొస్తే, కొత్త వస్తువుకు అమ్మినవాడి బాధ్యత రెండేళ్ళు. చేతికొచ్చిన ఏడాదిలోపు లోపం బయటపడితే అది మొదటినుంచీ ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించాల్సింది వాడే. నీది ఏడో నెల.

ఇప్పుడు పని. ముందు జర్మనీలోని కేల్‌లో ఉన్న యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్‌కు రాయి. దేశం దాటిన ఇలాంటి గొడవల్లో వాళ్ళు ఉచితంగా అవతలి దేశపు సెంటర్ ద్వారా షాపువాడితో మాట్లాడతారు. చాలాసార్లు ఆ ఉత్తరానికే మెత్తబడతారట. పాత వ్యాసాల్లో ఓడీఆర్ అనే, కొనుగోలు తగాదాలు తీర్చే ఆన్‌లైన్ వేదిక పేరు కనబడుతుంది, దాని కోసం వెతకకు, 2025 జూలై 20న మూసేశారు.

అప్పటికీ కదలకపోతే చిన్న మొత్తాల దావా. 2009 నుంచి ఉంది, మొదట 2,000 యూరోల వరకే, 2017 జూలై నుంచి 5,000 వరకు పెంచారు. ప్లీడరు అక్కర్లేదు. "ఏ" అనే అక్షరమున్న ఫారం నింపి, బిల్లు, మెయిళ్ళు జతచేసి, జర్మన్‌లో రాసి పంపాలి. ఏ కోర్టుకు పంపాలో యూరోపియన్ ఈ-జస్టిస్ పోర్టల్‌లో చూడు, కొన్ని రాష్ట్రాల్లో ఇవన్నీ ఒకే కోర్టుకు అప్పగించే వీలుంది. కోర్టు ఆ కాగితాలు షాపుకు పంపుతుంది, వాడికి జవాబుకు 30 రోజులు. మామూలుగా అంతా కాగితాల మీదే నడుస్తుంది, తప్పదనుకుంటేనే పిలుస్తారు, అదీ వీడియోలో అయినా సరే. మా కోర్టులో వాయిదా కోసం మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్ళు గుర్తొచ్చి, ఇది చదువుతూ కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

అంతా నున్నగా ఉంటుందని అనుకోకు. అక్కడా తెలివైనవాళ్ళున్నారు. ఒకే తగాదా రెండు దేశాల కోర్టుల్లో పడితే ముందు చేరిన కోర్టుకే పెద్దరికం, రెండోది ఆగాలి. మన కోడ్‌లో సెక్షన్ 10 లాంటిదే. దీన్ని పట్టుకుని కొన్ని కంపెనీలు, ఎదుటివాడు దావా వేస్తాడని తెలియగానే, కేసులు నత్తనడక నడిచే దేశంలో "నేనేమీ బాకీ లేను" అని తామే ముందు దావా వేసేవి. దానికి "ఇటాలియన్ టార్పెడో" అని పేరు కూడా పెట్టారు. ఫలానా కోర్టులోనే అని ఇద్దరూ ఒప్పందం రాసుకున్న కేసుల్లో ఆ ఎత్తు పారకుండా కొత్త రెగ్యులేషన్ సరిచేసింది. నీ సైకిల్ షాపువాడు అంత దూరం ఆలోచించడులే.

నాకు అసలు టెన్షన్ డిక్రీ, అంటే కోర్టు తీర్పు చేతికొచ్చిన తర్వాతి సంగతి. ఇండియాలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని 1872లోనే, అప్పట్లో మనకు అన్నిటికన్నా పై కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అంది. నేను చూసిన ఈపీల్లో, అంటే డిక్రీ అమలు చేయించమని వేసే పిటిషన్లలో, తండ్రి గెలిచిన డిక్రీని కొడుకు అమలు చేయించుకున్నవి ఉన్నాయి. అందుకే ఎవరు దావా అన్నా నేను ముందడిగేది ఒకటే: అవతలివాడి ఆస్తి ఎక్కడుంది? నీ షాపువాడి బ్యాంకు ఖాతా, సరుకు అన్నీ నెదర్లాండ్స్‌లో ఉంటాయి. అయినా ఈ దావాలో ఆఖెన్ వైపు వచ్చిన తీర్పుకు అక్కడి కోర్టు మళ్ళీ ముద్ర వేయనక్కర్లేదు. ఫారం డి అనే సర్టిఫికెట్, అవసరమైతే దానికి డచ్ అనువాదం, ఇవి తీసుకుని అక్కడి అమీను, అంటే డిక్రీలు అమలు చేసేవాడి, దగ్గరకు వెళ్ళడమే. అక్కడి అమీను ప్రభుత్వం నియమించినవాడే, కానీ జీతం మీద కాదు, ఫీజు మీద పనిచేస్తాడు.

షాపు లండన్‌లో ఉండుంటే ఈ దారి ఉండేది కాదు. 2020 డిసెంబరు 31తో బ్రిటన్ ఈ ఏర్పాటులోంచి బయటపడింది. తమాషా ఏమిటంటే మన కాకినాడకు అది తిరగబడుతుంది. లండన్ హైకోర్టు డిక్రీని మన కోడ్‌లోని సెక్షన్ 44ఏ కింద మన జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టొచ్చు, జర్మనీ ఆ జాబితాలో లేదు. జర్మన్ డిక్రీ పట్టుకొచ్చినవాళ్ళు దాని ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేసుకోవాలి. నా సర్వీసులో ఒక్కసారి లండన్ డిక్రీ వచ్చింది. ఏ రిజిస్టర్‌లో ఎక్కించాలో తెలియక నేనూ బెంచి క్లర్కూ రెండు రోజులు తలపట్టుకున్నాం.

ఇంకొక్కటి, మర్చిపోకు. ప్రతివాది పేరు తప్పు రాసి గెలిచిన డిక్రీలు బీరువాలో మూలుగుతుండగా చూశాను. బోర్డు మీద ఒక పేరు, రిజిస్టరైన పేరు ఇంకొకటి. డచ్ వ్యాపారులకు వాణిజ్య రిజిస్టర్‌లో ఎనిమిది అంకెల నంబరుంటుంది, బిల్లు మీద వెతుకు. ఆ నంబరు కింద ఉన్న పేరు, అడ్రసు, నువ్వు డబ్బు పంపిన బ్యాంకు ఖాతా పేరు, మూడూ ఒకటేనా చూసి, బిల్లు రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపు. ఆ "ఏ" ఫారాన్ని మాత్రం నేను చూశాకే పోస్టు చెయ్యి.

మీ నాన్న అడుగుతున్నారు, ఆ సైకిల్ ఇప్పుడు వానలో బయట పెట్టావా, లోపల పెట్టావా అని. లోపలే పెట్టు, అది సాక్ష్యం.

అమ్మ