మొక్కకు కప్పే వల పిట్టకు ఉరి కాకూడదు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాక నగరంలో మిద్దె తోటల పని ఊపందుకుంటుంది, మొక్కలకు కప్పే వలలూ ఎక్కువగా అమ్ముడవుతాయి. వాటిలో కంటికి సరిగా ఆనని సన్నటి నైలాన్ దారంతో, బొటనవేలు దూరేంత కన్నులతో చేసిన వలల గురించే ఈ ఉత్తరం. మల్కాజిగిరిలో మా పక్కింటి మేడ మీద అలాంటి వలలో పికిలిపిట్ట చిక్కుకుంది. దారం కాలికీ రెక్కకూ బిగుసుకుపోయింది. కత్తెరతో ఒక్కో పోగూ కోసి విడిపించాం గానీ బతకలేదు.

నారు పోతే ఎంత బాధో నాకు తెలుసు. చిక్కుడు మొలిచి రెండాకులు విప్పగానే పావురాలు తుంచేస్తాయి. గోరింకలు పురుగుల కోసం కొత్త మట్టిని కెలికి పాలకూర మొలకల్ని పెళ్లగిస్తాయి. పాత సీడీలు వేలాడదీస్తే కొన్నాళ్లే భయపడతాయి, తర్వాత వాటి పక్కనే వాలతాయి. కప్పక తప్పదు. నేను వెదురు బద్దలు వంచి కుండీల్లో గుచ్చి, వాటి మీద తెల్లటి దోమతెర గుడ్డ బిగుతుగా లాగి, అంచుల మీద ఇటుకలు పెడతాను. వదులుగా వేలాడే వల ఏదైనా ప్రమాదమే. నాలుగైదు ఆకులు వచ్చి కాండం గట్టిపడ్డాక తెర తీసేస్తాను. బీర, సొర పూతకొచ్చాక తేనెటీగలు రావాలి కదా! పైగా ఆ గోరింకలే గొంగళి పురుగుల్ని ఏరుకుతింటాయి, పిచ్చుకలు వాటినే పిల్లలకు పెడతాయి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఇళ్లలో పండ్ల చెట్లకు కప్పే వల కన్ను, పూర్తిగా లాగినా 5 మిల్లీమీటర్లు మించకూడదని 2021 సెప్టెంబరు 1 నుంచి నిబంధన ఉంది. మన దేశంలో నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. గాలిపటం దారం విషయంలో పట్టించుకున్న ప్రాణాన్ని తోట వల విషయంలో ఎందుకు వదిలేయాలి?

ప్రభుత్వం ఇక్కడా 5 మిల్లీమీటర్ల నిబంధన తేవాలి. వల ప్యాకెట్ మీద కన్ను కొలత ముద్రించేలా చూడాలి. మిద్దె తోటల శిక్షణలో ఉద్యాన శాఖ అధికారులు ఎరువుల గురించి చెప్పినట్టే, తెర ఎలా కట్టాలో, ఎప్పుడు తీయాలో కూడా చేసి చూపించాలి. అంతవరకు, కొనేవాళ్లు దుకాణంలోనే వల లాగి చూసుకోండి. చిటికెన వేలు దూరితే కొనకండి.

- ఒక రిటైర్డ్ టీచర్, మల్కాజిగిరి, హైదరాబాద్