పెన్సిల్ బొమ్మకి ఫ్లాష్ వద్దు, లామినేషన్ అసలే వద్దు

సంపాదకులకు నమస్కారం.

వేళ్లు వేర్లుగా దిగిపోయిన చెయ్యి, కళ్లుండాల్సిన చోట తలుపులున్న ముఖం... ఇలాంటి చీకటి బొమ్మలు పెన్సిల్‌తో వేసే కుర్రాళ్లు మన జిల్లాలో కనిపిస్తున్నారు. అంట్యాకుల పైడిరాజు గారు చిత్రకళ నేర్పిన విజయనగరానికి ఇది సంతోషమే. కానీ పేపర్లో అచ్చయ్యేసరికి మిగిలేది నల్ల మరక. తప్పు గీసినవాళ్లది కాదు.

6బి, 8బి లాంటి మెత్తని ముదురు పెన్సిల్‌తో ఒత్తి రుద్దితే కాగితం గరుకు అణిగిపోయి గ్రాఫైట్ (పెన్సిల్ ములుకులోని నల్ల పదార్థం) వెండిలా మెరుస్తుంది. దాని మీద ఫ్లాష్ పడిందా, అన్నిటికన్నా నల్లగా ఉండాల్సిన చోటు బూడిదరంగైపోతుంది. మీ విలేకరులు ఫ్లాష్ ఆపి, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బొమ్మ నిలబెట్టి, కెమెరాని ఎదురుగా తిన్నగా పట్టుకుని తీస్తే చాలు. తర్వాత కంప్యూటర్లో కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా) పెంచకండి. న్యూస్‌ప్రింట్ సిరా పీల్చి, బొమ్మని అచ్చువేసే సన్నని చుక్కలు ఉబ్బుతాయి, అచ్చులో ఎలాగూ ముదురుతుంది. నలుపుకీ తెలుపుకీ మధ్యనుండే నడిమి ఛాయల్ని కాస్త లేతగా చేసి పంపాలి.

ఆ నడిమి ఛాయల్లోనే పనంతా ఉంటుంది. 200 జీఎస్ఎం (కాగితం మందం చెప్పే కొలత) షీటు మీద ముందు గట్టి ములుకున్న 2హెచ్ పెన్సిల్‌తో పల్చగా, దాని మీద గీత దిశ మార్చి హెచ్‌బీ, ఆపైన 2బి, 4బి. ఎక్కడా ఒత్తకూడదు. మెరుపు లేని కటిక నలుపు కావాలంటే అక్కడ గ్రాఫైట్‌కి ముందే కార్బన్ పెన్సిల్ పట్టించాలి. నున్నబడిన గ్రాఫైట్ మీద అది అంటదు. మన ఉక్కపోతలో చేతి కింద బటర్ పేపర్ తప్పనిసరి. వేలి జిడ్డు అంటిన చోట పొడి ముద్దగా పట్టేస్తుంది, రబ్బరుతో చెరిపినా వేలిముద్ర పోదు.

ఇంత కష్టపడి గీసిన బొమ్మని బహుమతి ఇచ్చే ముందు లామినేషన్ చేయించేస్తున్నారు! వేడికి కరిగిన జిగురు గ్రాఫైట్‌లో కలిసిపోతుంది, ఇక ఊడదీయలేం. ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) అయితే అడుగు దూరం నుంచి పల్చగా రెండుసార్లు, అదీ వాన లేని రోజున. తేమలో కొడితే తెల్లగా పొర కట్టొచ్చు. ఫ్రేములో అద్దం బొమ్మకి తగలకుండా చుట్టూ మౌంట్ బోర్డు (మందపాటి అట్ట అంచు) ఉండాలి. తగిలితే శ్రీకాకుళం తీరం గాలి తేమకి కాగితం అద్దానికి అతుక్కుంటుంది, గోధుమరంగు బూజు మచ్చలొస్తాయి. ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు ముక్కలు అతికిస్తే గోడ చెమ్మ ఎక్కదు.

ఇంకో మనవి. ఇలాంటి బొమ్మల కింద ‘దెయ్యాల చిత్రం’ అని రాయకండి. పోలండ్ చిత్రకారుడు బెక్షిన్‌స్కీ (1929–2005) తన ప్రసిద్ధ చిత్రాలకి పేర్లే పెట్టకుండా వదిలేశారు. బొమ్మ కొలత, వాడిన పెన్సిళ్లు, గీసినవారి పేరు వేయండి.

ఇట్లు,
చిత్రలేఖనం ఉపాధ్యాయులు,
విజయనగరం