పది రోజులు, పదకొండు స్టీలు డబ్బాలు

అందరికీ వందనాలు.

మొన్న ఆదివారం వి.బి.ఎస్. ముగింపు కార్యక్రమంలో నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. మైకు చేతికిచ్చి రెండు మాటలు చెప్పమంటే నోరు పెగల్లేదు. "అందరికీ థ్యాంక్స్" అనేసి దిగిపోయాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ శాలువాని ముక్కలు చేసి పంచాలంటే ఒక్కొక్కరికి చేతిరుమాలంత కూడా రాదు, అంతమంది ఉన్నారు. అప్పుడు చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయొద్దని చాలామంది ముందే అన్నారు కాబట్టి రాయడం లేదు. ఎవరి గురించో మన సంఘంలో అందరికీ ఎలాగూ తెలిసిపోతుంది లెండి.

సంఘం బయటి స్నేహితులు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. వి.బి.ఎస్. అంటే వెకేషన్ బైబిల్ స్కూల్. వేసవి సెలవుల్లో పది రోజులు, ఉదయం ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా పిల్లలకి పాటలు, కథలు, కంఠత వాక్యాలు, చార్టుల మీద బొమ్మలు, మధ్యలో ఏదో ఒక టిఫిను. మొదటి రోజు 86 మంది వచ్చారు, నాలుగో రోజుకి 112 అయ్యారు. చుట్టుపక్కల వీధుల పిల్లలు కూడా వస్తారు, ఏ ఇంటి పిల్లలని ఎవరూ అడగరు. ఈసారి సూపరింటెండెంటు బాధ్యత నాది.

నేను ఉండేది మెట్టుగూడ, ఆఫీసు రాయదుర్గం వైపు. మామూలు రోజుల్లో మెట్రోలో నిలబడే సండే స్కూల్ పాఠం చదువుకుంటాను. ఈ పది రోజులకి మాత్రం మా మేనేజరు గారు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ఆయనకి మొదటి థ్యాంక్స్. పొద్దున చర్చి, మధ్యాహ్నం నుంచి ల్యాప్‌టాప్, మధ్యలో వంట. కాగితం మీద లెక్క సరిగ్గానే కుదిరింది.

రెండో రోజు పొద్దున ఆరింటికి అత్తమ్మ బట్టలుతికే చోట జారి పడ్డారు. కుడిచేతి మణికట్టు విరిగింది. మా ఆయన విశాఖలో సైటు మీద ఉన్నారు. కింది పోర్షన్ అన్న లుంగీ మీదే కారు తీశాడు. పిండికట్టు వేసి ఆరు వారాలు కదపొద్దన్నారు. ఇంటికి తిరిగొచ్చేసరికి పదకొండున్నర. అప్పటికి చర్చి నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్.

ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోకుండా చెప్పేస్తాను. ఆ రోజు సాయంత్రానికి "ఏం కావాలన్నా మొహమాటపడకుండా చెప్పమ్మా" అని కనీసం ముప్పై మంది అన్నారు. అందరూ మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ ఆ టెన్షన్‌లో ఏం కావాలో ఆలోచించి, ఎవర్ని అడగాలో తేల్చుకుని, ఫోన్ చేసి అడగడం కూడా నాకు ఇంకో పనే. అదీ చేయలేక ఎవర్నీ ఏమీ అడగలేదు. "ఉద్యోగాలు చేసేవాళ్ళకి ఈ బాధ్యతలు ఎందుకిస్తారో" అన్న మాట కూడా ఒకటి నా చెవిన పడింది. దాని సంగతి వదిలేద్దాం.

స్త్రీల మైత్రి (మా చర్చి ఆడవాళ్ళ సంఘం) ఆంటీలు మాత్రం నన్ను ఏమీ అడగలేదు. ఆ రాత్రి అమ్మగారు (మా పాస్టరు గారి భార్య) ఒక మెసేజ్ పెట్టారు: "బుధవారం నేను. గురువారం క్వార్టర్స్ వాళ్ళు. శుక్రవారం టీచరమ్మ. నువ్వు అన్నం ఒక్కటి వండుకో." అంతే. మర్నాటి నుంచి పన్నెండున్నరకల్లా గుమ్మం దగ్గర క్యారియరు. గోంగూర పప్పు, బెండకాయ వేపుడు, మధ్యలో ఒక రోజు చేపల పులుసు. అత్తమ్మకి బీపీ అని తెలిసి ఆవిడ కూర విడిగా, ఉప్పు తక్కువతో, చిన్న డబ్బాలో. డబ్బా మీద ప్లాస్టర్ అంటించి "పెద్దమ్మకి" అని రాసి ఉండేది. ఆ ప్లాస్టర్లు పీకబుద్ధి కాక అలాగే తోమాను.

కింది పోర్షన్ ఖాలా (ఉర్దూలో పిన్ని) గురించి చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థమే లేదు. బోరు మోటారు ఎవరు ఎంతసేపు వేస్తున్నారన్న దాని మీద ఆవిడకీ మా అత్తమ్మకీ నిరుడు దసరా నుంచి మాటల్లేవు. నేను వంట, మందులు, స్నానం అన్నీ ఆలోచించాను గానీ ఒంటిచేత్తో జడ వేసుకోలేరన్న సంగతి నాకు తట్టనే లేదు. అత్తమ్మ అడిగే మనిషి కాదు. మూడో రోజు పొద్దున ఏడింటికి ఖాలా కొబ్బరినూనె సీసా, చెక్క దువ్వెన పట్టుకుని మేడెక్కి వచ్చింది. "కూర్చో" అంది. అత్తమ్మ కూర్చున్నారు. చిక్కు తీసి, నూనె పెట్టి, జడ అల్లి, ముడి చుట్టి పిన్ను పెట్టింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. రోజూ అదే సమయానికి వచ్చేది. ఆరో రోజు నేను చర్చికి బయల్దేరుతుంటే లోపల్నుంచి మాటలు వినబడ్డాయి. నా వంట గురించే. రాజీ కుదిరిందని అప్పుడు అర్థమైంది.

ఇక ఆఫీసు. ఆ గురువారం రాత్రే మా క్లయింటు డేటాని పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చాలి. ఆన్‌కాల్ నాది, అంటే రాత్రి ఏదైనా తేడా వస్తే ఫోన్ నాకే వస్తుంది. పదకొండింటికి లాగిన్ అయ్యి చూస్తే, మా టీమ్‌లో నా పక్క సీటు తమ్ముడు టూల్‌లో నా నంబరు తీసేసి తనది పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే "పడుకోండి అక్కా, పొద్దున మీకు వందమంది పిల్లలు, నాకు ఒక్క డేటాబేసే" అన్నాడు.

ఆ రాత్రి పని సాఫీగా సాగలేదని తెల్లారాక తెలిసింది. తేదీలు రాసే తీరులో తేడా: పాత సిస్టమ్‌లో రోజు ముందు, నెల తర్వాత. కొత్తదాంట్లో నెల ముందు. పన్నెండో తేదీ దాకా రికార్డులు తప్పుగా ఎక్కుతున్నా సిస్టమ్ కిక్కురుమనలేదు. పదమూడో నెల ఉండదు కదా, అక్కడ ఆగిపోయింది. రాత్రి రెండు గంటలకి తప్పు పట్టుకుని, ఎక్కినదంతా వెనక్కి తీసి, మార్పు చేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాడు. 4.40కి మెసేజ్: "అయిపోయింది అక్కా. కాల్ చేస్తే లేస్తారని చేయలేదు." మా టీమ్‌లో ఎప్పట్నుంచో ఒక లెక్క ఉంది, వినాయక చవితికి, దసరాకి నేను ఆన్‌కాల్ చూస్తాను, గుడ్ ఫ్రైడేకి, క్రిస్మస్‌కి వాళ్ళు చూస్తారు. ఈ రాత్రి ఆ లెక్కలోకి రాదు. తమ్ముడూ, సంక్రాంతికి నువ్వు టికెట్ బుక్ చేసుకో, నాలుగు రోజులూ నావి.

లాలాగూడ వర్క్‌షాపులో పని చేసి రిటైరైన తాతయ్యకి నేను థ్యాంక్స్ కన్నా ఒక క్షమాపణ బాకీ ఉన్నాను. నోవహు ఓడ బొమ్మ కావాలని అడిగాను. నా ఉద్దేశం థర్మకోల్‌తో పిల్లలు ఎక్కి కూర్చునేలా ఏదో ఒకటి. ఆయన బైబిల్లో ఆదికాండం ఆరో అధ్యాయం తీసి లెక్క వేశారు. 300 మూరల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు. ఆ లెక్కనే ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఏడంగుళాల పైచిలుకు ఎత్తులో ప్లైవుడ్‌తో చేసుకొచ్చారు. పక్క తలుపు, దానికి చిన్న ఇత్తడి మడతబందు కూడా. నేను కంగారులో "ఇందులో పిల్లలు పట్టరు కదా తాతయ్యా" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. కానీ బిగినర్స్ క్లాసు పిల్లలు రెండు రోజుల్లో ఇళ్ళ నుంచి ప్లాస్టిక్ ఏనుగులు, జిరాఫీలు తెచ్చి నింపేశారు. ఒకడు డైనోసార్ తెచ్చాడు. అనుమతించాలా వద్దా అని టీచర్ల మీటింగులో పది నిమిషాలు చర్చ జరిగింది. తాతయ్య తలుపు తీసి తనే లోపల పెట్టారు. ఆయన ఆ పది రోజులూ జూనియర్ క్లాసు కూడా తీసుకున్నారు, ఎందుకంటే ఆ టీచరుని నేనే కాబట్టి.

మా పాప హాజరు పుస్తకం రాసింది. ఉప్మా, రస్నా చూసుకున్న యూత్ పిల్లలు, ఎండలో చార్టుల కోసం సికింద్రాబాద్ జనరల్ బజార్ దాకా వెళ్ళొచ్చిన అన్నలు, కీబోర్డు తమ్ముడు, ముగింపు రోజు కుర్చీలు మోసి అన్నం తినకుండానే వెళ్ళిపోయిన ఆ ఇద్దరు, మీ అందరికీ వందనాలు.

చివరిగా ఒక అవసరమైన సంగతి. మా వంటింట్లో ఇప్పుడు మీవి పదకొండు డబ్బాలున్నాయి. ఎనిమిదింటి మీద పేర్లు చెక్కి ఉన్నాయి కాబట్టి సరే. మిగిలిన మూడూ ఎవరివో చెప్పండి: ఒకటి నీలం పిడి ఉన్న మూడు గిన్నెల క్యారియరు, ఒకటి మూత బిగువుగా పట్టే లోతు డబ్బా, ఒకటి అడుగున "1994 మే" అని మాత్రమే చెక్కిన గిన్నె. పెళ్ళి కానుకలా ఉంది, పోతే బాధపడతారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెస్ట్రీ (చర్చిలో పాస్టరు గారి గది) బయట బల్ల మీద పెడతాను. ఖాళీగా ఇవ్వకూడదని అత్తమ్మ ఆర్డరు. శనివారం రాత్రి అరిసెలు వండుతున్నాం. పాకం ఖాలా చూసుకుంటానంది.