కంప్యూటర్ మారిస్తే లొకేషన్ చరిత్ర రావడం లేదు, పాత కంప్యూటర్‌కు లొకేషన్ వెళ్లడం ఆగడం లేదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ లొకేషన్ ట్రాకింగ్ యాప్‌ను కొత్త కంప్యూటర్‌కు మార్చేటప్పుడు బయటపడుతున్న లోపాలపై ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

ఫోన్ ఎక్కడుందో నమోదు చేసి కంప్యూటర్‌లోని మీ ప్రోగ్రామ్‌కు పంపడం వరకు మీ యాప్ బాగానే పనిచేస్తుంది. చిక్కంతా కంప్యూటర్ మార్చినప్పుడే. పాత రికార్డు కొత్త కంప్యూటర్‌కు పూర్తిగా రాదు, పాత కంప్యూటర్‌కు వెళ్లే లొకేషన్ మాత్రం ఆగదు. ఎక్కువ ప్రమాదం రెండోదానితోనే కాబట్టి ముందు దాని గురించి.

కొత్త కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ ఎక్కించి, క్యూఆర్ కోడ్‌తో ఫోన్‌ను జతచేయగానే "ఇకపై ఇదే మీ ప్రధాన కంప్యూటర్" అని వస్తుంది. అది చదివిన వాళ్లెవరైనా పాతదానితో తెగిపోయిందనే అనుకుంటారు. కానీ తెగదు. పాత కంప్యూటర్‌లో మ్యాప్ తెరిస్తే ఫోన్ కదలికలు అప్పటికప్పుడు కనిపిస్తూనే ఉంటాయి. అకౌంట్ పాస్‌వర్డ్ మార్చినా అంతే, ఎందుకంటే జతచేసినప్పుడు ఇచ్చిన టోకెన్‌కు (పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానిచ్చే డిజిటల్ గుర్తుకు) గడువూ లేదు, పాస్‌వర్డ్‌తో ముడీ లేదు. ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ టోకెన్ ఫైల్ యూజర్ ఫోల్డర్‌లో మిగిలిపోతుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే లాగిన్ అడక్కుండానే మ్యాప్ తెరుచుకుంటుంది. డిస్క్ చెరపకుండా ఆ కంప్యూటర్‌ను అమ్మినా, ఆఫీసుకు తిరిగిచ్చినా, తర్వాత దాని ముందు కూర్చున్న మనిషికి ఫోన్ యజమాని ఎక్కడున్నదీ తెలిసిపోతుంది.

జత తెంచే బటన్ పాత కంప్యూటర్ సెట్టింగ్స్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఫోన్‌లో లేదు, మీ వెబ్‌సైట్‌లోని అకౌంట్ పేజీలోనూ లేదు. అడిగితే "పాత కంప్యూటర్‌లోకి వెళ్లి లాగౌట్ చేయండి" అని మీ సిబ్బంది జవాబిచ్చారు. దొంగతనానికి గురైన కంప్యూటర్‌లోకి ఎలా వెళ్లాలో ఆ జవాబులో లేదు. ప్రస్తుతం మిగిలిన దారి అకౌంట్‌ను పూర్తిగా తొలగించడమే, దాంతో సర్వర్‌లో ఉన్న చరిత్ర కూడా పోతుంది.

ఇక చరిత్ర బదిలీ. "హిస్టరీ.డీబీ ఫైల్‌ను కాపీ చేసి కొత్త కంప్యూటర్‌లో అదే ఫోల్డర్‌లో పెట్టండి" అని మీ సహాయ పేజీ చెబుతోంది. అది ఎస్‌క్యూలైట్ డేటాబేస్ (మొత్తం డేటాను ఫైల్‌లో దాచే సాఫ్ట్‌వేర్), వాల్ పద్ధతిలో, అంటే మార్పులను ముందు వేరే ఫైల్‌లో రాసుకునే పద్ధతిలో నడుస్తోంది. కొత్తగా వచ్చిన పాయింట్లు ముందు పక్కనున్న "-వాల్" ఫైల్‌లో పడతాయి, చెక్‌పాయింట్ (అక్కడినుంచి అసలు ఫైల్‌లోకి మార్చే పని) జరిగాకే అసలు ఫైల్‌లోకి చేరతాయి. డిఫాల్ట్‌గా 1000 పేజీలు నిండినప్పుడు చెక్‌పాయింట్ మొదలవుతుంది. అంటే 4096 బైట్ల పేజీ లెక్కన సుమారు 4 మెగాబైట్లు. మ్యాప్ విండో డేటాబేస్‌ను చదివే పనిని ముగించకుండా తెరిచి పట్టుకుని ఉంటే చెక్‌పాయింట్ దాన్ని దాటి ముందుకెళ్లలేదు, వాల్ ఫైల్ పెరుగుతూ పోతుంది. మీ ప్రోగ్రామ్‌లో జరిగేది సరిగ్గా ఇదే. పైగా మూలనున్న ఇంటూ గుర్తు నొక్కినా ప్రోగ్రామ్ మూతపడదు, ట్రేలోకి వెళ్లి కూర్చుంటుంది. మూసేశామనుకుని ఒక్క డీబీ ఫైల్‌నే కాపీ చేసిన వాళ్లకు చివరి రోజుల రికార్డు ఉండదు. చెక్‌పాయింట్ జరుగుతున్న క్షణంలో కాపీ చేస్తే ఫైలే పాడైపోవచ్చు.

సహాయ పేజీలో ఉండాల్సిన మాట ఇది: ట్రే ఐకాన్‌పై రైట్ క్లిక్ చేసి "ఎగ్జిట్" నొక్కండి, ఫోల్డర్‌లో "-వాల్" ఫైల్ మాయమయ్యేదాకా ఆగండి, ఆ తర్వాతే కాపీ చేయండి. అది మాయం కాకపోతే డీబీ, వాల్ ఫైళ్లు రెంటినీ కలిపి తీసుకెళ్లండి. అసలు ఇదంతా వాడేవాళ్ల నెత్తిన పెట్టడమెందుకు? 2019లో వచ్చిన 3.27 వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్‌లో "వ్యాక్యూమ్ ఇంటూ" ఆదేశం ఉంది. "బ్యాకప్" అనే బటన్ పెట్టి దాని వెనుక ఈ ఆదేశాన్ని నడిపితే, ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఒకే ఫైల్‌లో పూర్తి కాపీ వస్తుంది.

అన్ని ఫైళ్లూ సరిగ్గా తెచ్చినా, పేర్లు పెట్టుకున్న చోట్లు కొత్త కంప్యూటర్‌లో ఖాళీగా వస్తున్నాయి. వాటి ఎన్‌క్రిప్షన్ తాళాన్ని మీరు విండోస్ డీపీఏపీఐతో (రహస్యాలను భద్రపరిచే విండోస్ సదుపాయంతో) దాస్తున్నారు. అది ఆ యూజర్ ఖాతాకు కట్టుబడినది. ఫైల్ ఒక్కటే వేరే కంప్యూటర్‌కు వెళ్తే తెరుచుకోదు, అలా తెరుచుకోకపోవడమే దాని ఉద్దేశం. బ్యాకప్ చేసేటప్పుడు పాస్‌ఫ్రేజ్ అడిగి, దానితో తాళాన్ని మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి ఇవ్వాలి.

మీ ఎగ్జిక్యూటివ్ మెయిల్‌లో సూచించిన జియోజేసన్ (మ్యాప్ పాయింట్లను రాసే ఫైల్ ప్రమాణం) ఎక్స్‌పోర్ట్ దారీ అక్కరకు రావడం లేదు. ఆ ప్రమాణం ప్రకారం రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రావాలి. మీ ఫైల్‌లో తిరగేసి ఉన్నాయి. రేఖాంశం 90 డిగ్రీలు దాటిన చోట్ల మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఫైల్‌నే తిరస్కరిస్తోంది, దాటని చోట్ల ఏ సముద్రంలోనో పాయింట్ పెడుతోంది. సమయాలకు టైమ్‌జోన్ గుర్తు లేదు, కాబట్టి కొత్త కంప్యూటర్ టైమ్‌జోన్ వేరైతే ప్రయాణాల సమయాలన్నీ గంటల కొద్దీ ముందుకో వెనక్కో మారిపోతాయి. యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) రాస్తే సరిపోయేది.

ఫోన్ వైపు ఒక్క మాట. పాప్‌అప్‌లో "ఎల్లప్పుడూ అనుమతించు" నొక్కమని మీ సూచన. ఆండ్రాయిడ్ 11 నుంచి పాప్‌అప్‌లో ఆ ఎంపిక లేదు, సెట్టింగ్స్‌లో యాప్ అనుమతుల్లోకి వెళ్లి పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి "ఖచ్చితమైన లొకేషన్" కూడా ఆన్‌లో ఉండాలి, లేకపోతే యాప్‌కు ఉజ్జాయింపు చోటే అందుతుంది.

నేను కోరేవి: జతచేసిన కంప్యూటర్ల జాబితా ఫోన్‌లోనూ వెబ్‌సైట్‌లోనూ చూపించి, దేన్నైనా అక్కడినుంచే తొలగించే వీలు ఇవ్వాలి. పాస్‌వర్డ్ మార్చగానే పాత టోకెన్లన్నీ రద్దు కావాలి. ఈ రెండూ వచ్చేవరకు "ప్రధాన కంప్యూటర్" సందేశం కింద పాతది ఇంకా లొకేషన్ చూడగలదని స్పష్టంగా రాయాలి. బ్యాకప్, ఎక్స్‌పోర్ట్ లోపాలు ఏ వెర్షన్‌లో సరిచేస్తారో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. అది కుదరకపోతే మిగిలిన చందా వాపసు చేసి, సర్వర్‌లోని నా డేటాను తొలగించినట్టు ధ్రువీకరించండి.

పరిశీలనకు హిస్టరీ ఫైల్‌ను మెయిల్‌లో పంపమని మీ సిబ్బంది అడిగారు. ఒక మనిషి ఎప్పుడు ఎక్కడున్నాడో మొత్తం అందులో ఉంటుంది కనుక పంపను, ఇంకెవరినీ అలా అడగవద్దు. బదులుగా కల్పిత పాయింట్లతో అవే లోపాలు చూపించే నమూనా ఫైల్, దాన్ని పరీక్షించే దశలు జతచేశాను.

ఇట్లు,
మీ చందాదారు