స్టేషన్ రోడ్డు కౌంటర్ ఎత్తేస్తున్నాం

పాతపట్నం కస్టమర్లందరికీ నమస్కారం. స్టేషన్ రోడ్డులో పెట్టిన టిఫిన్ కౌంటర్ ఈ నెలాఖరుతో మూసేస్తున్నాం. బస్టాండు దగ్గరి హోటల్ మాత్రం ఎప్పట్లాగే ఉంటుంది, మాస్టరు అతనే, చట్నీ అదే.

అద్దె ఒక్కటే కారణం కాదు. అక్కడ బేరమంతా బండి వచ్చిన ఆ కాసేపట్లోనే జరగాలి, దిగినవాళ్లేమో ఆటో దొరుకుతుందో లేదో అన్న టెన్షన్‌లో ఉంటారు. "కౌంటర్లో ఉన్న, ఇరుకు పట్టాల మీద నడిచిన పాత చిన్న రైలు ఫొటో పెద్దది చేయించి హెరిటేజ్ అని బోర్డు పెట్టండి, జనం వస్తారు" అని చాలామంది సలహా ఇచ్చారు. ప్రేమతోనే చెప్పారు, కానీ ఫొటో దిగినవాళ్లంతా పూరీ తినరు కదండీ.

ఆ ఫొటో గురించి ఎలాగూ అందరూ అడుగుతున్నారు కాబట్టి చెప్తాను. ఆ రైలు నడిచిన మన ఊరి లైను తెల్లవాళ్లు వేసింది కాదు, అనుమతి మాత్రమే వాళ్లది. 1898లో ఆ అనుమతి తెచ్చుకుని, సుమారు 7 లక్షలు ఖర్చుపెట్టి నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) పట్టాలు వేయించింది పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి. ఆయన కొడుకు కృష్ణచంద్ర గజపతి వేయించాడని చాలామంది పొరబడతారు గానీ, 1900 ఏప్రిల్ 1న బండి మొదలయ్యేనాటికి 1892లో పుట్టిన కృష్ణచంద్రకి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. లైను గుణుపూర్ దాకా పొడిగించింది మాత్రం ఆయన హయాంలోనే, 1931కి పూర్తయింది.

నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. మొదటి పదేళ్లూ ఆ రైలు నష్టాల్లోనే నడిచింది, 1910 నుంచి ఏదో కాస్త మిగిలింది, చెప్పుకోదగ్గ లాభం 1924-25 తర్వాతే. రాజుగారు కాబట్టి ఆగగలిగారు, నా బ్యాంకు ఈఎంఐ అలా ఆగదు.

1936లో ఒడిశా విడిపోయినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, మనం ఇటు ఉండిపోయాం, లైను రెండు రాష్ట్రాల మధ్య పడింది. అయినా మా హోటల్లో సగం బేరం ఇప్పటికీ మహేంద్రతనయ నది అవతలివాళ్లదే, గల్లా దగ్గర సగం ఒడియా, సగం తెలుగు.

చిన్న రైలే బాగుండేదనేవాళ్లతో నేను ఏకీభవించను. విశాఖ వెళ్లాలంటే నౌపడలో దిగి, మూటలూ పిల్లలతో బండి మారాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ బాధ లేదు. మన స్టేషన్‌కి దెబ్బ తగిలింది బ్రాడ్ గేజ్ (పెద్ద బండ్ల వెడల్పు పట్టాలు) వల్ల కాదు, అది వేసే దాకా బండి లేకపోవడం వల్ల. 2004లో చిన్న రైలు ఆగితే మళ్లీ పెద్ద బండి వచ్చేసరికి 2010 అయింది, గుణుపూర్‌కైతే 2011. ఆరేళ్లు బస్సులూ ఆటోలూ అలవాటయ్యాక ఎవరు మాత్రం వెనక్కి వస్తారు? నేను వస్తారనే అనుకుని కౌంటర్ పెట్టాను, కొంతమంది వచ్చారు కూడా, కానీ ఇద్దరు కుర్రాళ్ల జీతానికి ఆ బేరం చాలదు.

ఆ కుర్రాళ్లిద్దరూ బస్టాండు హోటల్లోకే వస్తున్నారు. స్టేషన్ కౌంటర్లో కొన్న టిఫిన్ కూపన్లు బస్టాండు హోటల్లో చెల్లుతాయి, గడువేం లేదు. పొద్దున్న బండికి వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రి 9లోపు ఫోన్ చేస్తే పార్సిల్ స్టేషన్ గేటు దగ్గరికే తెచ్చిస్తాం, 3 ప్లేట్లకి తగ్గితే మాత్రం కష్టం. సంక్రాంతి దాకా రేట్లు పెంచం.