మెగాపోడ్‌కి బదిలీ ఉత్తర్వులా?

సంపాదకులకు,

గ్రేట్ నికోబార్ ఓడరేవు మీద మీరు వేసిన పెద్ద కథనం ఇక్కడ మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి నాదాకా వచ్చేసరికి వారం దాటింది, అందుకే ఈ ఆలస్యం. కంటైనర్లు, విమానాశ్రయం, టౌన్‌షిప్, వేల కోట్లు అన్నీ రాశారు. అక్కడి మెగాపోడ్ పక్షులకు మాత్రం ఒక్క వాక్యం: పక్కనున్న చిన్న మెంచాల్ దీవిలో వాటికి అభయారణ్యం పెడుతున్నారు కాబట్టి బెంగ లేదని!

అభయారణ్యం ముందే ఉండేదండీ. గ్రేట్ నికోబార్‌లోనే, గలాథియా బే తీరంలో, 1997 నుంచి. ఓడరేవు సరిగ్గా అక్కడే కావాల్సొచ్చి, 2021 జనవరిలో జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం దాని హోదా తీసేయడానికి తలూపింది. కొద్ది వారాలకే కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసిన సముద్ర తాబేళ్ల ప్రణాళికలో అదే తీరం ముఖ్యమైన స్థావరాల జాబితాలో కనిపించింది. ఒక టేబుల్ మీద పెట్టిన సంతకం పక్క టేబుల్‌కి తెలియదు కాబోలు.

మెగాపోడ్ కోడంత పక్షి. గుడ్ల మీద కూర్చుని పొదగదు. జంట కలిసి ఇసుక, పగడపు ముక్కలు, రాలిన ఆకులు కాళ్లతో గీరి గీరి దిబ్బ పోగేస్తుంది, ఆకులు కుళ్లిన వేడికి గుడ్లు లోపలే పొదుగుతాయి, పిల్ల తనంతట తనే తవ్వుకుని బయటికొచ్చి అడవిలోకి పోతుంది. దీనికి కెరటం అందని ఇసుక నేలా, దాన్ని ఆనుకుని చిక్కటి అడవీ రెండూ ఉండాలి. 2004 సునామీకి ఆ దిబ్బలు చాలావరకు కొట్టుకుపోతే మిగిలిన పక్షులు మళ్లీ పేర్చుకున్నాయి. ఇప్పుడు ప్రాజెక్టు ప్రాంతంలోని 51 దిబ్బల్లో 30 దాకా శాశ్వతంగా పోతాయని పర్యావరణ అనుమతి కాగితాల్లోనే ఉంది. మెంచాల్ చూస్తే 1.3 చదరపు కిలోమీటర్లు కూడా లేని దీవి. పోనీ, వీటిని అక్కడికి ఎవరు చేరుస్తారు? గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే ఊరికి వెళ్లే షిప్‌కి మనుషులకే టికెట్ దొరకడం గగనం.

చెట్ల సంగతీ ఇంతే. అడవి పోయేది నికోబార్‌లో, 130 చదరపు కిలోమీటర్లు. బదులుగా మొక్కలు నాటేది హర్యానాలో. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ దండం పెట్టాలి.

ఇలా అడిగితే దేశ రక్షణ అంటారు. రక్షణ వద్దని ఎవరన్నారు? కాంప్‌బెల్ బేలో 2012 నుంచి నౌకాదళ స్థావరం ఉంది, మేమెవరమూ కాదనలేదే. కంటైనర్లు దించుకోవడానికి ఈ ఒక్క తీరమే దొరికిందా అని అడుగుతున్నాం.

అసలు అభయారణ్యం బోర్డు పీకకుండా ఉంచిన చోటే దిక్కు లేదు. బట్టమేక పిట్ట కోసం కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు, ఇవాళ అక్కడ ఆ పిట్ట కనిపిస్తే పెద్ద వార్త. పచ్చిక బయళ్లు పొలాలైపోతుంటే ఎవరికీ పట్టలేదు. ఏటా వన్యప్రాణి వారోత్సవాలకి బ్యానర్లు కట్టి ఫొటోలు దిగడం మాత్రం మానరు.

మీ విలేకరి ఈసారి అధికారులను కలిస్తే మెంచాల్‌లో ఇప్పటికే ఎన్ని దిబ్బలున్నాయో, గలాథియాలో చెదిరిపోయే పక్షులకు అక్కడ చోటుందో లేదో అడిగి రాయించండి. ఆ లెక్క అచ్చయ్యాక ఓడరేవు గొప్పలు ఎన్ని పేజీలైనా వేసుకోండి.

– ఒక పాఠకుడు, శ్రీ విజయపురం (పోర్ట్‌బ్లెయిర్)