‘మీ ఇంటిపేరు వాళ్లే’ అంటూ వచ్చే ఉత్తరాలు

సంపాదకుల వారికి,

ఓటీపీ మోసాలు, డిజిటల్ అరెస్టుల గురించి పత్రికల్లో తరచూ హెచ్చరికలు వస్తున్నాయి. పోస్టులో కాగితం మీద వచ్చే వారసత్వపు మోసం గురించి మాత్రం పెద్దగా రాయడం లేదు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తని పెద్దలు కూడా లెటర్‌హెడ్, గుండ్రటి ముద్ర, విదేశీ చిరునామా ఉన్న కవరును బీరువాలో భద్రంగా దాస్తారు.

ఉత్తరంలో కథ దాదాపు ఒకటే. లండన్‌లోనో టొరంటోలోనో ఉన్న లాయరు రాసినట్టుంటుంది. తన క్లయింటు కుటుంబంతో సహా ప్రమాదంలో పోయాడు, వీలునామా లేదు, బ్యాంకులో కోటి డాలర్ల పైచిలుకు ఉంది, గడువులోగా ఎవరూ రాకపోతే ప్రభుత్వపరమవుతుంది. మీ ఇంటిపేరూ అదే కాబట్టి మిమ్మల్ని వారసుడిగా చూపిస్తాను, చెరిసగం తీసుకుందాం, మూడో మనిషికి తెలియనివ్వకండి. వారసుడు కాని మనిషిని వారసుడిగా చూపించడమే నేరం కదా! ఆ మాటకు ఒప్పుకున్నవారు డబ్బు పోగొట్టుకున్నాక పోలీసుల దగ్గరికి వెళ్లడానికి జంకుతారు. మోసగాడికి కావలసిందీ అదే.

తెలుగువాళ్లకు ఇందులో తేలికైన ఆనవాలు ఒకటుంది. మన ఇంటిపేరు ముందుంటుంది. ఈ ఉత్తరాలు రాసేవాళ్లు పేరు చివరనున్నదే ఇంటిపేరనుకుంటారు. అందుకే ‘మీ బంధువు, కీర్తిశేషులు మిస్టర్ రావు’ అని దర్శనమిస్తాడు. చివర రావు ఉన్నంత మాత్రాన చుట్టరికం కలిసేటట్టయితే రెండు రాష్ట్రాల్లోనూ వీధికి నలుగురు దాయాదులు తేలతారు. పోనీ అసలు ఇంటిపేరే కలిసిందనుకున్నా, దాన్నిబట్టి వాటా రాదు. 1956 నాటి మన హిందూ వారసత్వ చట్టమైనా చూసేది బంధుత్వపు వరసనే. నిజంగా వారసుల కోసం వెతికేవారు మీకు పోయినాయన ఏమవుతారో, ఎవరి వైపు నుంచో చెప్పగలుగుతారు.

కవరు మీద మీ చిరునామా పిన్‌కోడ్‌తో సహా సరిగ్గా ఉన్నంత మాత్రాన ఉత్తరాన్ని నమ్మనక్కర్లేదు. తీసుకోని డివిడెండ్ల విషయంలో వాటాదారుల పేర్లు, చిరునామాలు కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2013 కంపెనీల చట్టం 124వ సెక్షనే చెబుతోంది. అలాంటి జాబితాలు ఎవరైనా చూడొచ్చు.

కవరు పారేయకుండా దాని మీద స్టాంపు, తపాలా ముద్ర ఏ దేశానివో చూడండి. లండన్ లాయరుకు జీమెయిల్ చిరునామా ఎందుకుంది? ఫోను నంబరు +44 70తో మొదలైతే అది ఎక్కడికైనా మళ్లించుకోగల ‘పర్సనల్’ నంబరు, లండన్‌లో ఆఫీసుందనడానికి గుర్తు కాదు. ఇంగ్లండ్, వేల్స్ సొలిసిటర్ల (అక్కడి లాయర్ల) వివరాలు సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే అసలు లాయర్ల పేర్లే వాడుకునే మోసగాళ్లూ ఉన్నారు. కాబట్టి విచారించాలనుకుంటే ఆ వెబ్‌సైట్‌లోని నంబరుకు చేయాలి, ఉత్తరంలోని నంబరుకు కాదు.

జవాబిస్తే ముందు ఆధార్, పాస్‌బుక్ నకళ్లు అడుగుతారు. తర్వాత అఫిడవిట్ ఖర్చు, కోర్టు ఫీజు, ‘ఉగ్రవాద నిరోధక ధ్రువపత్రం’, వారసత్వ పన్ను, ‘రిజర్వు బ్యాంకు క్లియరెన్స్’ అంటూ ఒకటి కట్టగానే ఇంకొకటి పుట్టుకొస్తుంది. మనదేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. బ్రిటన్‌లో పన్ను ఉన్నా, సాధారణంగా పోయినవారి ఆస్తిలోంచే కడతారు. రిజర్వు బ్యాంకు వ్యక్తుల పేరిట ఖాతాలు నడపదు, ఇలాంటి సొమ్ము విడుదలకు ఫీజూ వసూలు చేయదు. అన్నిటికన్నా విడ్డూరం, లండన్ లాయరు ఫీజును మనదేశంలోనే ఎవరిదో సేవింగ్స్ ఖాతాలో వేయమంటారు. అవి తరచూ కమీషన్‌కు అద్దెకిచ్చిన ఖాతాలు. బ్యాంకు కౌంటరులో సిబ్బంది ‘ఈ ఖాతాదారు మీకేమవుతారు?’ అని ఒక్క మాట అడిగినా కొంతమంది ఆగుతారు. బ్యాంకులు దీన్ని అలవాటుగా పెట్టుకోవాలి.

పెద్దల పేరున నిజంగానే మరిచిపోయిన డిపాజిట్లు ఉన్నాయేమోనన్న అనుమానముంటే, రిజర్వు బ్యాంకు 2023లో తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో ఉచితంగా వెతకొచ్చు. క్లెయిము ఆ బ్యాంకులోనే ఇవ్వాలి.

ఉత్తరానికి తిట్టడానికైనా జవాబివ్వకండి, ఆ చిరునామాలో మనిషి ఉన్నాడని చెప్పినట్టవుతుంది. డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, మీ బ్యాంకుకూ తెలియజేయండి. లావాదేవీ యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇదయ్యాక కొన్నాళ్లకు ‘పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం’ అంటూ ఇంకెవరో రాయవచ్చు. ఒకసారి డబ్బు కట్టినవారి పేర్లు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. వాళ్లూ ముందు ఫీజే అడుగుతారు. ఆ ఉత్తరాన్ని కూడా కవరుతో సహా మొదటిదానితో కలిపి పోలీసులకు ఇవ్వండి.

— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కాకినాడ